రెండు పద్దులు, ఒకే ఇల్లు: పెద్దవయసు మీద ప్రభుత్వాల ఖర్చు

అమెరికాలో పేదలకు వైద్యం అందించే మెడికెయిడ్ పథకంలో ఒక పాత నిబంధన ఉంది. అర్హత ఉన్న ముసలివాళ్లకు నర్సింగ్ హోమ్ అవసరమైతే ఆ ఖర్చు భరించి తీరాలి. రాష్ట్రాలకు తప్పించుకునే వీలు లేదు. అదే మనిషి "నా ఇంట్లోనే ఉంటాను, పొద్దున ఒకరు వచ్చి స్నానం చేయించి, మందులిచ్చి వెళ్తే చాలు" అంటే ఆ సాయం చేయడం, చేయకపోవడం చాలావరకు రాష్ట్రం ఇష్టం. 1981లో వచ్చిన ఒక చట్టంతో రాష్ట్రాలు కేంద్రం దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకుని ఇంటి సాయానికి ఖర్చు చేయడం మొదలుపెట్టాయి. ఆ అనుమతి కింద ఎంతమందికి ఇవ్వాలో ముందే లెక్క కట్టుకోవచ్చు కాబట్టి వెయిటింగ్ లిస్టులు పుట్టుకొచ్చాయి. ఇన్నేళ్లలో పరిస్థితి మారింది. మెడికెయిడ్ దీర్ఘకాల సంరక్షణ ఖర్చులో ఇప్పుడు సగానికి పైగా ఇళ్లకే వెళ్తోంది. చట్టంలోని తేడా మాత్రం చెక్కుచెదరలేదు. నర్సింగ్ హోమ్ హక్కుగా ఉంది, ఇల్లు వెసులుబాటుగా ఉంది.

పెద్దవాళ్ల కోసం ఎన్ని వేల కోట్లు కేటాయించారన్నది బడ్జెట్ మర్నాడు పేపర్లో హెడ్డింగ్ అవుతుంది. ఆ డబ్బు ఏ షరతు మీద, ఎప్పుడు, ఎవరి గుమ్మం దాకా వస్తుందన్నది ఎక్కడో అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో మంచాన ఉన్న మనిషికి తేడా తెలిసేది ఆ చిన్న అక్షరాల దగ్గరే. పైగా ఈ విషయం ఒక పద్దులో ఇమిడేది కాదు. ఇంట్లో ఉండటానికి సాయం ఒక శాఖ చూస్తుంది. పెద్దవయసులో ఉద్యోగం చేసేవాళ్లకు ప్రోత్సాహం ఇంకో శాఖ చూస్తుంది. ఎవరి లెక్కలు వాళ్లవి. ఇంట్లోకి వచ్చేసరికి రెండూ కలిసిపోయి ఒకటే ప్రశ్న మిగులుతుంది: రోజుకు ఉన్న గంటల్లో ఎవరు ఎవరికి ఎన్ని ఇవ్వగలరు? 86 ఏళ్ల తల్లికి పగలు తోడు దొరికితేనే 62 ఏళ్ల కూతురు ఉద్యోగానికి వెళ్లగలదు. తోడు దొరక్క ఉద్యోగం మానేస్తే ఆ కూతురి జీతం పోతుంది, రేపటి పింఛను తగ్గుతుంది, ఇంకో ఇరవై ఏళ్లకు ఆవిడే సాయం అడిగే వరసలో నిలబడుతుంది.

గోడకు బిగించే కడ్డీ

ముందు తేలికైన సంగతి. ముసలితనంలో ఇల్లు వదలాల్సి రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి కిందపడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కిందపడి చనిపోయేవాళ్లు ఏటా 6,84,000 మంది. అందులో ఎక్కువ బాధపడేది 60 దాటినవాళ్లే. తుంటి ఎముక విరిగి ఆస్పత్రికి వెళ్లిన మనిషి మళ్లీ మునుపటిలా నడిచి ఇంటికి వస్తారన్న భరోసా లేదు. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, జారని నేల, గడప దగ్గర చిన్న ర్యాంపు ఉంటే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది.

అందుకే వృద్ధులు ఎక్కువున్న దేశాలు దీనికి విడిగా డబ్బు పెట్టాయి. జపాన్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా కింద ఇంటి మార్పులకు 2,00,000 యెన్ల దాకా లెక్కలోకి తీసుకుంటారు. అందులో మామూలుగా 10 శాతం ఆ మనిషి భరిస్తే చాలు. సింగపూర్ 2012 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండే పెద్దల ఇళ్లకు ఈ పనులు చేయించి, ఖర్చులో 95 శాతం దాకా తనే పెట్టుకుంటోంది. 65 దాటినవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాల్సినవాళ్లకైతే 60 నుంచే ఇస్తారు. జర్మనీలో 2025 జనవరి నుంచి ఒక్కో మార్పుకు 4,180 యూరోల దాకా వస్తుంది. ఇంగ్లండ్‌లో వికలాంగుల సదుపాయాల గ్రాంటు 30,000 పౌండ్ల దాకా ఉంటుంది.

అంకెలు పక్కన పెడితే, ఇక్కడ అసలు ఇబ్బంది చేతిలో డబ్బు ఎప్పుడు పడుతుందన్నది. జపాన్ పద్ధతిలో పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేయాలి, మామూలుగా మొత్తం డబ్బు ముందు తామే కట్టాలి, తర్వాత 90 శాతం వెనక్కి వస్తుంది. పింఛను మీద బతికే మనిషికి ఆ ముందస్తు మొత్తమే పెద్ద అడ్డంకి. అందుకే కొన్ని పురపాలక సంస్థలు ఇంటివాళ్ల వాటా మాత్రమే తీసుకుని మిగతాది నేరుగా పనివాళ్లకు కట్టే ఏర్పాటు చేశాయి. ఒక్కో ఇంటికి ఇచ్చే మొత్తం ఒక్క యెన్ కూడా పెరగలేదు, ముందస్తు అడ్డంకి మాత్రం తొలగింది. ఇలాంటి మార్పులు వార్తల్లోకి రావు కానీ బడ్జెట్ ప్రసంగంలో చెప్పే పెద్ద అంకెల కన్నా ఇవే ఎక్కువ మందిని ఇంట్లో నిలబెడతాయి.

డబ్బిస్తే ఎవరు చూస్తారు?

కడ్డీ ఒకసారి బిగిస్తే సరిపోతుంది. స్నానం, వంట, మందులు, పక్క మార్చడం రోజూ కావాలి. వీటికి ప్రభుత్వం సాయం చేసే దారులు ప్రధానంగా రెండు: మనిషిని పంపడం, లేదా డబ్బు చేతికివ్వడం. ఈ రెండింటి మధ్య తేడాను జపాన్, జర్మనీ అనుభవాలు చెప్పినంత బాగా ఏ సిద్ధాంతమూ చెప్పదు.

జర్మనీ 1995లో సంరక్షణ బీమా తెచ్చింది. అవసరాన్ని బట్టి మనిషిని ఒక స్థాయిలో పెడతారు. 2017 నుంచి అలాంటి స్థాయిలు ఐదు. మతిమరుపు జబ్బుతో బాధపడేవాళ్లకు న్యాయం జరగడం లేదన్న విమర్శ ఎన్నో ఏళ్లు వచ్చాక చేసిన మార్పు అది. ఇంట్లో ఉండేవాళ్లు సంస్థ ద్వారా పనిమనుషుల సేవ తీసుకోవచ్చు, లేదా నగదు తీసుకుని ఇంట్లోవాళ్ల చేత చేయించుకోవచ్చు. మూడో స్థాయి మనిషికి 2025లో సేవగా తీసుకుంటే నెలకు 1,497 యూరోల విలువ, నగదుగా తీసుకుంటే 599 యూరోలు. అంటే కూతురో, భార్యో చేస్తే అదే పనికి సగం విలువ కూడా లేదని బడ్జెటే చెబుతోంది. అయినా జనం నగదు వైపే మొగ్గారు. 2023 చివరికి జర్మనీలో సంరక్షణ అవసరమైనవాళ్లు 57 లక్షల మంది. వాళ్లలో 86 శాతం ఇళ్లలోనే ఉన్నారు. 31 లక్షల మందిని ప్రధానంగా బంధువులే చూసుకుంటున్నారు. ప్రభుత్వానికి ఇది చవక. కానీ ఈ లెక్కలో ఆ బంధువు ఏం వదులుకుందో కనపడదు.

న్యాయంగా చెప్పాలంటే జర్మనీ ఒక మంచి పని కూడా చేసింది. వారానికి కనీసం 10 గంటలు, కనీసం రెండు రోజుల్లో, ఇంట్లో సంరక్షణ చేసేవాళ్ల పేరున బీమా సంస్థే పింఛను చందా కడుతుంది. జీతం లేని చాకిరీని పింఛను ఖాతాలో పనిగా రాయడం చిన్న విషయమేమీ కాదు. దానికో షరతు ఉంది: బయట ఉద్యోగం వారానికి 30 గంటలు మించకూడదు. పూర్తి ఉద్యోగం చేస్తూ రాత్రీ పగలూ తల్లిని కూడా చూసుకునే మనిషి, అందరికన్నా ఎక్కువ కష్టపడే మనిషి, ఈ లెక్క నుంచి జారిపోతుంది.

జపాన్ 2000 ఏప్రిల్‌లో తన బీమా మొదలుపెట్టే ముందు ఇదే చర్చ గట్టిగా జరిగింది. నగదు ఇస్తే కోడళ్లను ఇంటికే కట్టేసినట్టవుతుందని మహిళా సంఘాలు వాదించాయి. ఆ మాట నెగ్గింది. జపాన్ బీమా ఇంట్లోవాళ్లకు నగదు ఇవ్వదు, సేవలే ఇస్తుంది. 40 ఏళ్లు నిండినవాళ్లంతా ప్రీమియం కడతారు. ఖర్చులో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. సేవ తీసుకున్నప్పుడు ఆదాయాన్ని బట్టి 10, 20 లేదా 30 శాతం కట్టాలి. ప్రతి ఒక్కరికీ ఒక కేర్ మేనేజర్ ఉండి, వారంలో ఏ రోజు ఎవరు రావాలో ప్రణాళిక వేస్తారు. కుటుంబానికి ఇది నిజమైన ఊరట. దీని ధర కూడా దాచిపెట్టలేదు: 65 దాటినవాళ్లు కట్టే నెల ప్రీమియం దేశ సగటు 2000లో 2,911 యెన్లు, 2024లో మొదలైన మూడేళ్ల విడతకు 6,225 యెన్లు. పింఛను నుంచే కోసుకునే డబ్బు అది. రెట్టింపుకు మించి పెరిగినా ఆ వ్యవస్థను వద్దనేవాళ్లు అక్కడ కొద్దిమందే ఉన్నారంటే, వచ్చే సాయం కంటికి కనిపిస్తోంది కాబట్టే.

డెన్మార్క్ ఆలోచన వేరు. ఫ్రెడరిషియా అనే పట్టణం 2008లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఇంటి పనికి సాయం అడిగిన మనిషికి వెంటనే పనిమనిషిని పంపకుండా, ముందు కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టులు, రోజువారీ పనులు మళ్లీ నేర్పే వృత్తి చికిత్స నిపుణులు ఇంటికే వెళ్లి ఆ పని మళ్లీ తనే చేసుకోగలిగేలా తర్ఫీదు ఇస్తారు. 2015 నుంచి ఇలాంటి తర్ఫీదుతో మేలు జరుగుతుందా అని ముందు చూడటం దేశంలోని పురపాలికలన్నింటికీ చట్టప్రకారం తప్పనిసరి అయింది. సరిగ్గా చేస్తే ఇది మనిషి గౌరవాన్ని నిలిపే పద్ధతి. డబ్బు మిగుల్చుకోవడానికే చేస్తే, ఇక కోలుకోలేని మనిషిని కూడా "ప్రయత్నించండి" అని వేధించే పద్ధతి అవుతుంది. ఎవరికి తర్ఫీదు, ఎవరికి సాయం అన్నది దగ్గరికెళ్లి చూసిన మనిషి నిర్ణయించాలి.

వరసలోనే పోయిన ప్రాణాలు

ఆస్ట్రేలియా కథ దగ్గర కాస్త ఆగాలి. అక్కడ ఇంటి సంరక్షణ ప్యాకేజీల (ఒక్కొక్కరికి ఇంటి సేవల కోసం ఇచ్చే డబ్బు) సంఖ్యకు ప్రభుత్వం ఏటా ఒక హద్దు పెట్టేది. అవసరం ఉందని అధికారికంగా తేల్చాక కూడా మనిషి జాతీయ వరసలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఎదురుచూసేవాళ్లు. 2018లో వృద్ధుల సంరక్షణ మీద రాయల్ కమిషన్ అనే ఉన్నతస్థాయి విచారణ సంఘాన్ని వేశారు. 2018 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ప్యాకేజీ కోసం ఎదురుచూస్తూనే 16,000 మందికి పైగా చనిపోయారన్న నిజం ఆ విచారణలో బయటపడింది. కమిషన్ 2019 మధ్యంతర నివేదికకు పెట్టిన పేరు ఒకే ఒక్క మాట: నిర్లక్ష్యం.

వాళ్లందరికీ అవసరం ఉందని ప్రభుత్వమే సంతకం పెట్టింది. వాళ్ల పేరు మీద ఫైలు ఉంది. ఎంత ఇవ్వాలో లెక్క ఉంది. లేనిది ఆ ఏడాది కేటాయింపులో చోటు. ఆకలిగా ఉన్న మనిషికి విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడం లాంటిది ఇది. పెన్షన్ విషయంలో ఆస్ట్రేలియా ఇలా చేయదు. వయసు, ఆదాయం సరిపోతే పెన్షన్ వస్తుంది, "ఈ ఏడాది కోటా అయిపోయింది" అనరు. ఇంటి సాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోటా పెట్టడం మామూలు విషయంలా చెలామణి అయిపోతోంది. పెన్షన్‌కు లేని హద్దు స్నానం చేయించడానికి ఎందుకు ఉండాలో ఎవరూ గట్టిగా అడగరు.

కమిషన్ తుది నివేదిక 2021 మార్చిలో వచ్చింది. రెండు నెలల తర్వాత వచ్చిన బడ్జెట్‌లో ఐదేళ్లకు 1,770 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ప్రకటించారు. అందులో 80,000 కొత్త ఇంటి ప్యాకేజీలు ఉన్నాయి. తర్వాత కొత్త చట్టం వచ్చింది. పాత నాలుగు స్థాయిల ప్యాకేజీల స్థానంలో ఎనిమిది స్థాయిల కొత్త పథకం 2025 నవంబర్ 1న మొదలైంది. అది జులైలో మొదలవ్వాల్సింది, సిద్ధంగా లేమని నాలుగు నెలలు వాయిదా వేశారు. వాయిదా సంస్థలకు ఊరట. అప్పటికే వరసలో ఉన్నవాళ్లకు ఇంకో నాలుగు నెలల టెన్షన్.

కొత్త పథకంలో మనిషి కట్టాల్సిన వాటా లెక్క ఆలోచించదగ్గది. నర్సు చేసే వైద్య సేవకు ఏమీ కట్టక్కర్లేదు. స్నానం లాంటి సేవలకు, పూర్తి పెన్షన్ మీద ఉన్నవాళ్లు 5 శాతం, సొంత ఆదాయం బాగా ఉన్నవాళ్లు 50 శాతం కట్టాలి. ఇల్లు ఊడవడం, వంట, తోటపని లాంటివాటికి అదే 17.5 శాతం నుంచి 80 శాతం. పథకం మొదలైనప్పుడు నిబంధన ఇది. పుండుకు కట్టు కట్టడం ఉచితం, పుండు పడకుండా ఒళ్లు శుభ్రంగా ఉంచడానికి డబ్బు కట్టాలి. ఉన్నవాళ్లు ఎక్కువ కట్టాలన్న సూత్రంలో తప్పేమీ లేదు. కానీ చేతిలో డబ్బు తక్కువున్న ముసలివాళ్లు మొదట మానుకునేది ఊడ్చే మనిషినీ, స్నానం చేయించే మనిషినీ. ఆ పొదుపు కొన్ని నెలలకు ఆస్పత్రి బిల్లుగా తేలుతుంది. దాన్ని కట్టేది మళ్లీ ప్రభుత్వమే.

పని చేస్తే ఎంత మిగులుతుంది?

ఇక రెండో పద్దు. పింఛను తీసుకునే మనిషి ఉద్యోగం చేస్తే ఏమవుతుంది? చాలా దేశాల్లో సంపాదన ఒక హద్దు దాటగానే పింఛను కోస్తారు. ఆస్ట్రేలియాలో వయోపెన్షన్ 67 ఏళ్లకు వస్తుంది. పెన్షనర్ ఉద్యోగం చేస్తే రెండు వారాలకు 300 డాలర్ల జీతాన్ని లెక్కలోకి తీసుకోరు. వాడుకోని మినహాయింపు 11,800 డాలర్ల దాకా జమవుతుంది. పండగ సీజన్లో మూడు నెలలు పనిచేసే మనిషికి ఇది బాగా ఉపయోగపడుతుంది. హద్దు దాటాక మాత్రం సంపాదించే ప్రతి డాలరుకూ పెన్షన్లో 50 సెంట్లు తగ్గుతాయి. పైన పన్ను ఉంటే అదీ పోతుంది. అరవై ఏడేళ్ల వయసులో పొద్దున్నే లేచి బస్సెక్కి వెళ్లి పనిచేసిన మనిషికి ప్రతి డాలరులో సగం కూడా మిగలకపోతే, పని మీద ఆసక్తి తగ్గిందని ఆ మనిషిని అనడం అన్యాయం.

అమెరికా ఈ కోతను పూర్తి పింఛను వయసు దాటినవాళ్లకు 2000లో ఎత్తేసింది. ఆ వయసు రాకముందే పింఛను మొదలుపెట్టినవాళ్లకు ఇంకా ఉంది. 2025లో 23,400 డాలర్లు దాటి సంపాదించిన ప్రతి రెండు డాలర్లకూ ఒక డాలరు ఆపుతారు. ఆపిన డబ్బుకు తగ్గట్టు తర్వాత పింఛను పెంచి ఇస్తారు, కాబట్టి పోయేదేమీ ఉండదు. చాలామంది దాన్ని జరిమానా అనుకుని పని గంటలు తగ్గించుకుంటారు. సరిగ్గా వివరించని నిబంధన చెడ్డ నిబంధనంత నష్టమే చేస్తుంది.

బ్రిటన్ ఇలాంటి కోతను 1989లోనే తీసేసింది. జర్మనీ ముందస్తు పింఛనుదారుల సంపాదన మీద ఉన్న హద్దును 2023లో ఎత్తేసి, 2026 జనవరి నుంచి ఇంకో అడుగు వేసింది: పింఛను వయసు దాటాక ఉద్యోగం చేసేవాళ్లకు నెలకు 2,000 యూరోల జీతం దాకా ఆదాయపు పన్ను లేదు. వినడానికి బాగుంది. ఎవరికి మేలో చూస్తే సంతోషం కాస్త తగ్గుతుంది. పన్ను మినహాయింపు ఎక్కువ పన్ను కట్టేవాళ్లకే ఎక్కువ మిగులుస్తుంది. సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లకు ఇది లేదు. నలభై ఏళ్లు బరువులు మోసి నడుం పోయిన మనిషికి పన్ను సున్నా చేసినా చేయడానికి ఒళ్లు లేదు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, మంచి ఆరోగ్యం ఉన్నవాళ్లకే ఇలాంటి పథకాల డబ్బు చేరుతుంది. ఆరోగ్యం పోయి ముందే మానేసినవాళ్లకు పునరావాసం, తేలికైన పనికి శిక్షణ కోసం ఇదే డబ్బు ఖర్చుపెట్టి ఉంటే ఎంతమంది నిలబడేవాళ్లో అన్న ప్రశ్న వదిలిపెట్టలేనిది.

ఇంకొన్ని దేశాలు యజమాని వైపు నుంచి వస్తాయి. స్వీడన్‌లో పింఛను వయసుకు చేరినవాళ్లను పనిలో పెట్టుకుంటే ఆ జీతం మీద యజమాని కట్టే సామాజిక భద్రత చందా 31.42 శాతం నుంచి 10.21 శాతానికి పడిపోతుంది. సింగపూర్ 60 దాటిన, నెల జీతం 4,000 డాలర్లు మించని ఉద్యోగుల జీతంలో 7 శాతం దాకా యజమానికి తిరిగి ఇస్తోంది. అక్కడ చట్టబద్ధ విరమణ వయసు 2026 జులై 1 నుంచి 64, తిరిగి పనిలో పెట్టుకోవాల్సిన వయసు 69. 2030 నాటికి ఈ రెండూ 65, 70 అవుతాయి. జపాన్‌లో 65 దాకా పని చూపించడం కంపెనీల బాధ్యత, 70 దాకా ప్రయత్నించాలని 2021 నుంచి చట్టం చెబుతోంది. అక్కడ 65 నుంచి 69 మధ్య వయసువాళ్లలో సగానికి పైగా పనిచేస్తున్నారు. అరవై దాటగానే అదే కుర్చీలో, అదే పనికి జీతం బాగా తగ్గించి కొత్త ఒప్పందం రాయించుకోవడం కూడా అక్కడ మామూలే. ఆ తగ్గుదలను కొంత పూడ్చే ప్రభుత్వ భత్యం గరిష్ఠంగా జీతంలో 15 శాతం ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి 10 శాతానికి కుదించారు.

దక్షిణ కొరియా పరిస్థితి గుండెను పట్టేస్తుంది. 2004లో మొదలైన వృద్ధుల ఉపాధి పథకంలో 2024 నాటికి 10 లక్షలకు పైగా పనులు ఉన్నాయి. ఎక్కువ మంది చేసేది ప్రజాసేవ పనులు: స్కూళ్ల దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించడం, పార్కులు శుభ్రం చేయడం, ఒంటరిగా ఉండే ముసలివాళ్లను పలకరించడం. నెలకు 30 గంటలకు 2,90,000 వాన్లు. అక్కడ వృద్ధుల పేదరికం 40 శాతం దగ్గర, ధనిక దేశాలన్నింటిలోకీ ఎక్కువ. అంటే ఆ 30 గంటల పని చాలామందికి పింఛను లోటు పూడ్చే దారి. మనిషికి నలుగురిలో కలిసే వీలు కలిగించినందుకు ఆ పథకాన్ని మెచ్చుకోవచ్చు. కానీ పని చేయగలిగిన వయసువరకే ఆ డబ్బు వస్తుంది. మోకాళ్లు పట్టేసిన రోజు నుంచి రాదు.

రెండు పద్దుల మధ్య నలిగేవాళ్లు

పెద్దవయసు కార్మికులు అనగానే కళ్ల ముందుకొచ్చేది ఒంటరిగా నిలబడ్డ ఆరోగ్యవంతుడు. నిజానికి అరవైల్లో ఉన్నవాళ్లలో ఎందరికో ఇంట్లో తొంభైకి దగ్గరైన తల్లో తండ్రో, లేక జబ్బు చేసిన భర్తో ఉంటారు. జపాన్‌లో 2022లో చేసిన ప్రభుత్వ సర్వే ప్రకారం, ఏడాదిలో దాదాపు 1,06,000 మంది ఇంట్లోవాళ్లను చూసుకోవడానికే ఉద్యోగం వదిలేశారు. అంత పకడ్బందీ బీమా ఉన్న దేశంలో కూడా ఇది జరుగుతోంది. అక్కడ సంరక్షణ సెలవు 93 రోజులు, మూడు విడతలుగా వాడుకోవచ్చు, జీతంలో 67 శాతం ఉపాధి బీమా ఇస్తుంది. ఏర్పాట్లు చేసుకోవడానికి ఆ రోజులు సరిపోతాయి. మతిమరుపు జబ్బు పదేళ్లు నడిస్తే సరిపోవు.

బ్రిటన్‌లో సంరక్షకుల భత్యం నిబంధన ఇంకా కఠినం. వారానికి 35 గంటలు సంరక్షణ చేసేవాళ్లకు 2024-25లో వారానికి 81.90 పౌండ్లు వచ్చేది. అప్పుడు ఉద్యోగం ద్వారా వారానికి 151 పౌండ్ల దాకా సంపాదించే వీలుండేది. ఒక్క పౌండు దాటితే ఆ వారం భత్యం మొత్తం పోతుంది. కొంచెం కొంచెంగా తగ్గే పద్ధతి కాదు, ఒక్కసారిగా అంచు నుంచి కిందికి. హద్దు దాటిన సంగతి శాఖ దగ్గర సమాచారం ఉన్నా వెంటనే చెప్పకుండా నెలల తర్వాత వేల పౌండ్లు తిరిగి కట్టమని నోటీసులు వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెద్ద గొడవ అయ్యాక 2025 ఏప్రిల్‌లో హద్దును 196 పౌండ్లకు పెంచారు. అంచు మాత్రం అంచుగానే ఉంది, కాస్త దూరం జరిగిందంతే. ఒక శాఖ "పెద్దవాళ్లూ, పని చేయండి" అంటుంటే ఇంకో శాఖ "ఇంతకు మించి చేస్తే సాయం ఆపేస్తాం" అనడం ఒకే బడ్జెట్‌లో ఒకేసారి జరుగుతోంది.

సింగపూర్ ఇంట్లో సంరక్షణ చేసేవాళ్లకు ఇచ్చే నెల గ్రాంటును 2019లో 200 డాలర్లతో మొదలుపెట్టి, 2023లో 400 దాకా, 2026 ఏప్రిల్ నుంచి 600 దాకా పెంచింది. ఆ డబ్బుతో మనిషిని పెట్టుకోవచ్చు, పగటి కేంద్రం ఫీజు కట్టుకోవచ్చు. ఉద్యోగం మానేయాలన్న షరతు లేదు. చిన్న మొత్తమే, కానీ రెండు పద్దులూ ఒకదాన్నొకటి తన్నుకోకుండా రాసిన నిబంధన.

ఇంటికి వచ్చి పనిచేసే మనుషుల సంగతి తప్పక చెప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లలో కూడా చాలామంది పెద్దవయసువాళ్లే. జపాన్‌లో ఇంటింటికీ వెళ్లే సహాయకుల సగటు వయసు 50 దాటింది. 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం సంరక్షణ సంస్థలకిచ్చే రేట్లను మొత్తం మీద 1.59 శాతం పెంచుతూ, ఇంటికెళ్లి చేసే సేవల మూల రేటును మాత్రం 2 శాతానికి పైగా తగ్గించింది. ఎందుకంటే ఒక సర్వేలో ఈ సంస్థల సగటు లాభం 7.8 శాతంగా, మొత్తం రంగం లాభం 2.4 శాతంగా తేలింది. ఆ సగటు వెనకున్న తేడా అధికారులకు తెలియక కాదు. ఒకే అపార్ట్‌మెంట్లో ముప్పై మంది ముసలివాళ్లున్న చోట పనిచేసే సంస్థకు ప్రయాణం ఖర్చు ఉండదు. పల్లెల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అరగంట కారు నడుపుకుంటూ వెళ్లే చిన్న సంస్థకు ఆ అరగంటకు పెద్దగా ఏమీ రాదు. రెండింటినీ కలిపి సగటు తీస్తే లాభం కనపడింది. ఆ ఏడాది ఇంటి సేవా సంస్థలు మునుపెన్నడూ లేనంతగా దివాలా తీశాయి. మూతపడిన సంస్థ ఉన్న ఊళ్లో బీమా కార్డు అందరి దగ్గరా ఉంది, తలుపు తట్టే మనిషి లేదు. ఆ మనిషి కూడా ఒక అరవై ఏళ్ల ఉద్యోగే. వృద్ధుల ఉపాధి పెంచాలని ఒక చేత్తో రాయితీలిస్తూ, పెద్దవయసువాళ్లు ఎక్కువగా చేసే ఉద్యోగం రేటును ఇంకో చేత్తో కోయడం ఆ ఏడాది జరిగింది.

ఖర్చు ఒకరిది, ఆదా ఇంకొకరిది

ఇంటి సాయం మీద పెట్టే ప్రతి రూపాయీ ఆస్పత్రుల దగ్గర ఎంతో కొంత మిగులుస్తుందని చాలామంది ఒప్పుకుంటారు. అయినా ఖర్చు పెట్టడానికి చేయి రాదు. పురపాలిక ఖర్చు పెడితే ఆరోగ్య శాఖకు ఆదా అవుతుంది. కార్మిక శాఖ ఖర్చు పెడితే పన్నుల శాఖకు రాబడి పెరుగుతుంది. ఏ అధికారీ తన పద్దు ఖాళీ చేసి పక్కవాడి పద్దు నింపడు.

స్వీడన్ 1992లో ఈ ముడిని ఒక నిబంధనతో విప్పింది. వృద్ధుల సంరక్షణ మొత్తాన్ని పురపాలికలకు అప్పగిస్తూ, చికిత్స పూర్తయ్యాక కూడా ఇంటి దగ్గర ఏర్పాటు లేక ఆస్పత్రిలో ఉండిపోయిన మనిషి మంచం ఖర్చు ఆ పురపాలికే కట్టాలని చట్టం చేసింది. అంతకుముందు ఆ మంచాలు వేరే పాలనా సంస్థల ఖర్చు, కాబట్టి పురపాలికలకు తొందర ఉండేది కాదు. చట్టం వచ్చాక అలా ఉండిపోయే ముసలివాళ్ల సంఖ్య త్వరగా పడిపోయింది. ఇంటి దగ్గర ఏర్పాటు చేయించడానికి కొత్త నిధి కన్నా, ఆలస్యానికి ఎవరు బిల్లు కట్టాలో తేల్చడం ఎక్కువ పనిచేసింది.

సంరక్షణ కోసం ఉద్యోగం మానేసిన మనిషి విషయంలో ఇలాంటి బిల్లు ఎవరూ వేయలేదు. తల్లికి పగటి తోడు ఆరు నెలలు ఆలస్యమైతే కూతురు పోగొట్టుకునే ఆరు నెలల జీతం, దాని మీద రావాల్సిన పన్ను, పింఛను చందా అన్నీ లెక్క కట్టగలిగినవే. వెయిటింగ్ లిస్టు పక్కనే ఆ అంకెను కూడా బడ్జెట్ పత్రంలో అచ్చువేస్తే, ఆలస్యం చేసిన శాఖ పేరు మీద రాస్తే, వచ్చే ఏడాది కేటాయింపు గురించి మాట్లాడే తీరు మారుతుంది.